తూర్పారబట్టారా? మీరూ పట్టండి

ఎవరైనా ఒక కథను ఘాటుగా విమర్శిస్తే 'తూర్పారబట్టేశారు' అంటాం. కళ్ళంలోంచి వచ్చిన మాట ఇది. కోత యంత్రాలు రాకముందు గోదావరి డెల్టాలో సార్వా (వానాకాలపు వరి) నూర్పిళ్ళయ్యాక గాలివాటం చూసుకుని, ఎత్తు మీద నిలబడి, చేటలోంచి ధాన్యం కొద్దికొద్దిగా జారవిడిచేవారు. గట్టి గింజ నిలువునా కాళ్ళ దగ్గర పడుతుంది. పొల్లు ఎగిరి దూరంగా పోతుంది. రెండింటి మధ్యా తాలూ, సగం పాలు పోసుకున్న గింజా కలిసి మరో కుప్పవుతుంది. ఆ మధ్య కుప్పను పారెయ్యరు, ఇంకోసారి గాలికి పడతారు.

తమాషా ఏమిటంటే, కథను తూర్పారబట్టానని విమర్శకుడు అనుకుంటాడు గానీ, రచయిత గుమ్మంలో దించి వెళ్ళేది గింజా పొల్లూ కలిసిన బస్తానే. అందులో పనికొచ్చే మాటా ఉంటుంది, ఆయన ఆ పూట చిరాకూ ఉంటుంది, మన ఊరి మీదో కులం మీదో ఉన్న పాత కోపమూ ఉంటుంది. వేరు చేసుకునే పని మనదే. చాలామంది బస్తా బస్తాగా నెత్తిన పెట్టుకుంటారు, లేదా బస్తా బస్తాగా కాలవలో గుమ్మరిస్తారు. రెండూ నష్టమే.

ఎక్కడ కాలుతుంది

1996లో అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డెనిసి అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు, చేసిన పని మీద అభిప్రాయం చెబితే ఆ పని మెరుగవుతుందా అని అంతకుముందు జరిగిన ప్రయోగాల్ని కుప్పపోసి లెక్క తీశారు. 607 ఫలితాలు చేరాయి. సగటున మెరుగే కనబడింది. కానీ మూడోవంతుకు పైగా సందర్భాల్లో, అభిప్రాయం విన్నాక పని ఇంకా పాడైంది. వాళ్ళిచ్చిన వివరణ ఇది: ధ్యాస చేస్తున్న పని మీంచి చేస్తున్న మనిషి మీదకు మళ్ళేకొద్దీ ఫలితం తగ్గుతుంది. అవి కథకుల మీద చేసిన ప్రయోగాలు కావు, నిజమే. అయినా రాసేవాళ్ళకి ఈ సంగతి ఎవరో చెప్పక్కర్లేదు. 'మూడో పేరాలో పొద్దున్న ఉన్నట్టుండి సాయంత్రమైపోయింది' అంటే ఒక్క నిమిషం చురుక్కుమంటుంది, తర్వాత పెన్ను తీస్తాం. 'నీకు రాయడం రాదు' అంటే ఏ పేరా తెరిచి దిద్దుకోవాలి?

కాబట్టి జల్లెడకు ఒకే ప్రశ్న చాలు: ఈ మాట కాగితం మీద ఏ వాక్యాన్ని చూపిస్తోంది? వాక్యాన్ని చూపిస్తే గింజ. మనిషిని చూపిస్తే పొల్లు. ఎటు చూపిస్తోందో తేలకపోతే మధ్య కుప్ప.

ఈ ప్రశ్న వేసుకోవడానికి మొదటి రోజు పనికిరాదు. గుండె దడ, చెవులు వేడెక్కడం, చేతులు ఫోను వైపు పోవడం మామూలే. ఒంటికి అది ఎదురుదెబ్బ కొట్టే సమయం, ఆలోచించే సమయం కాదు. ఆ దడ కొన్ని గంటల్లో దిగిపోతుంది. దిగనివ్వనిది మనమే, అదే వాక్యాన్ని రాత్రి పదకొండుకి పదోసారి తెరిచి చదువుతూ. ఒకసారి చదవండి, మూసెయ్యండి, రెండు రాత్రులు గడిచాక రెండోసారి చదవండి. ఈలోగా జవాబివ్వక తప్పకపోతే, 'చదివి చెప్పినందుకు థాంక్సండి, మళ్ళీ చూసుకుంటాను' అన్నది చాలు. దాని వెనక 'కానీ' చేర్చకూడదు. 'కానీ' తర్వాత వచ్చేదంతా సంజాయిషీయే. కథతోపాటు ప్రతి పాఠకుడి ఇంటికీ వెళ్ళి 'నా ఉద్దేశం అది కాదండి' అని చెప్పొచ్చేవాళ్ళెవరూ లేరు గదా.

కోపం ఎక్కడో కక్కాలి అనుకుంటే కాగితం మీద కక్కండి. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ చేసిన ఒక ప్రయోగంలో, మనసును బాధపెట్టిన సంగతుల గురించి విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాయించారు. రాసిన రోజు మనసు ఇంకా బరువెక్కింది గానీ, తర్వాతి నెలల్లో వాళ్ళు ఆస్పత్రి మెట్లు తక్కువ ఎక్కారు. అక్కడ తీసుకున్నవి జీవితంలో తగిలిన పెద్ద దెబ్బలు, కథ మీద వచ్చిన విమర్శలు కావు. అయినా గడియారం పెట్టుకుని 15 నిమిషాలు తిట్టిపోసి ఆపెయ్యడమన్న పద్ధతి పనికొచ్చేదే. ఫోన్లో మాత్రం వద్దు. ఫోన్లో పంపే బటన్ వేలి కిందే ఉంటుంది.

వెటకారం తొక్క తీయడం

మన వైపు విమర్శ నేరుగా రాదు. 'బాగుందండి' అంటారు, అక్కడితో మర్యాద తీరిపోతుంది. లేదా వెటకారంగా వస్తుంది. కొత్తగా రాసేవాళ్ళు ఈ రెండింటికీ మోసపోతారు. మొదటిదాన్ని మెప్పనుకుంటారు, రెండోదాన్ని పగ అనుకుంటారు. నిజానికి వెటకారంలో సమాచారం ఎక్కువ. అన్న మనిషి చదివాడు కాబట్టే అనగలిగాడు.

'మీ కథ మొదలెట్టాకండి, నిద్ర మాత్ర మానేశానండి' అన్నారనుకోండి. తొక్క తీస్తే లోపలున్నది: ఎక్కడో కథ కదలడం మానేసింది. అడగాల్సింది ఒక్కటే, 'ఎన్నో పేజీ దగ్గర పట్టిందండి నిద్ర?' నవ్వుతూ అడిగితే చెబుతారు. 'మీ నాయిక ఏడుపుకి ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక జారీ చెయ్యాలేమోనండి' అంటే, ఏడుపు ఎక్కువైందని అర్థం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరదకు మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. వరద కూడా మెట్టుమెట్టుగానే ఎక్కుతుంది. నాయిక మొదటి పేజీలోనే 17.75 దాటేసి ఉంటే, చివరి పేజీలో భర్త పోయినప్పుడు ఎత్తడానికి ఇంక గేటు మిగలదు. వెటకారం చేసినాయనకి ఇది తెలిసే అన్నాడని కాదు. కానీ ఆయన నోట వచ్చిన ఆ మాట ఈ లోపాన్నే చూపిస్తోంది.

మూడు గడుల కాగితం

రెండు రాత్రులయ్యాక ఒక తెల్లకాగితం తీసుకుని నిలువునా మూడు గడులు గీయండి. ఎడమ గడిలో విమర్శను ఒక్కో వాక్యంగా, తిట్లతో సహా ఉన్నదున్నట్టు ఎక్కించండి. మధ్య గడిలో, అది మీ కథలో ఏ పేరాను, ఏ వాక్యాన్ని చూపిస్తోందో దాని నంబరు. కుడి గడిలో, ఆ ఇబ్బందిని తిట్టు లేకుండా మీ మాటల్లో ఒక ప్రశ్నగా. చేత్తోనే రాయండి. చేత్తో ఎక్కించేటప్పుడు 'చేతగాని', 'చెత్త' లాంటి మాటలు పదునుపోయి ఉత్త అక్షరాలైపోతాయి.

మధ్య గడి ఖాళీగా ఉండిపోయిందంటే ఆ వాక్యం పొల్లు. ఒక్క మినహాయింపు ఉంది. కథలో ఉండాల్సింది లేకపోతే దానికి నంబరు ఉండదు. అలాంటప్పుడు గడిలో 'లేదు' అని రాయాలి. 'లేదు' అన్న గడులే చాలాసార్లు కథను నిలబెడతాయి.

ఒక ఉదాహరణ కల్పించి చూద్దాం. కథ ఇలా మొదలైంది:

'గోదావరి మీద సూర్యుడు కుంకుమ బొట్టులా అస్తమిస్తున్నాడు. కొబ్బరాకులు పిల్లగాలికి నాట్యమాడుతున్నాయి. ఆ ప్రకృతి అందాల నడుమ సత్యవతి మనసు మాత్రం విషాదంతో బరువెక్కింది. భర్త మస్కట్ వెళ్ళి మూడేళ్ళయింది.'

దీని మీద వచ్చిన విమర్శ: 'టూరిజం వాళ్ళ క్యాలెండర్‌లా ఉంది. గోదావరి, కొబ్బరిచెట్టు లేకపోతే మీ జిల్లాలవాళ్ళకి కథ నడవదా? ఆవిడ బాధ నాకైతే అంటలేదు. మొగుడు మస్కట్లో ఉంటే ఇక్కడ ఇల్లెలా గడుస్తోందో ఒక్క ముక్క లేదు. ఇలాంటివి రాసేబదులు వేరే పని చూసుకోవచ్చు.'

చివరి వాక్యంతో మొదలెడదాం, ఎందుకంటే రాత్రంతా చెవిలో మోగేది అదే. మధ్య గడి ఖాళీ. పొల్లు. పోనివ్వండి.

నాలుగోది వీటన్నిటిలోకీ బరువైన గింజ. మధ్య గడిలో 'లేదు'. కుడి గడిలో: సత్యవతి చేతిలో డబ్బు ఎంత, ఎవరికి బాకీ, ఇంట్లో ఇంకెవరున్నారు? మూడోదీ గింజే. అది సలహా కాదు, తనకేమైందో పాఠకుడు చెప్పుకున్నాడు. దానితో వాదించడానికి లేదు. అది చూపించేది మూడో వాక్యాన్ని, 'విషాదంతో బరువెక్కింది' అన్నచోటుని. బాధ పేరు చెప్పాం, బాధను చూపించలేదు.

మొదటిదీ రెండోదీ మధ్య కుప్పలోకి పోతాయి. 'మీ జిల్లాలవాళ్ళకి' అన్నది ఎత్తిపొడుపు, దాన్ని తీసెయ్యండి. మిగిలేది: ఈ సూర్యాస్తమయాన్ని కథలో ఎవరు చూస్తున్నారు? ఎవరూ చూడటం లేదు. అందుకే అది క్యాలెండర్. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, విమర్శకుడు వద్దన్నాడని గోదావరినీ కొబ్బరిచెట్టునీ కొట్టేసి కథను పేరులేని ఊళ్ళోకి తోలెయ్యడం. నొప్పి ఎక్కడో రోగి చెబితే నమ్మాలి, మందు చీటీ కూడా రోగే రాస్తానంటే ఒప్పుకోకూడదు. కొబ్బరాకును ఉంచి దానికి పని చెప్పి చూద్దాం (పంటు అంటే రేవు దాటించే పడవ):

'ఆఖరి పంటు ఇవతలి రేవుకి వచ్చేసింది. సత్యవతి అరుగు మీద కూచుని కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తోంది. చీపురుకి కావలసినన్ని ఎప్పుడో అయిపోయాయి. "ఫోనొచ్చిందేంటే?" లోపల్నించి అత్తగారు. "లేదండి." పాల పద్దు పుస్తకం గుమ్మంలోనే ఉంది. పాలబ్బాయి ఈ నెల కూడా ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువైపోయింది.'

మూడేళ్ళ మాట ఎగిరిపోయింది, తర్వాత ఎక్కడైనా రావచ్చు. నాలుగు వాక్యాలు తొమ్మిదయ్యాయి కాబట్టి, సత్యవతి ఎంత దిగులు పడుతోందో వివరించే పేరా ఏదైనా వెనక ఉంటే దాన్ని కొట్టెయ్యాలి. దిద్దడమంటే చేర్చడం ఒక్కటే అనుకుంటే రెండువేల మాటల కథ మూడువేలై ఇంకా నీరసపడుతుంది.

తప్పు ఉన్న చోటూ, తెలిసిన చోటూ వేరు

'ముగింపు తేలిపోయింది' అన్న మాట తెలుగు కథకులకు వచ్చినన్నిసార్లు ఇంకేదీ వచ్చి ఉండదు. విన్న వెంటనే ఆఖరి పేరా మూడు రకాలుగా తిరగరాస్తారు, మూడూ తేలిపోతాయి. శివారు పొలానికి నీరందకపోతే శివార్లో గండి కొడితే లాభమేముంది, పైన ఎక్కడ పూడుకుందో చూడాలి. ముగింపుకి బలం అందాల్సింది కథ మొదటి మూడోవంతు నుంచి. నాయిక చివర్లో ఇల్లు వదిలి వెళ్ళిపోతే పాఠకుడు నమ్మలేదంటే, ఆ ఇంట్లో ఆమె ఓర్చుకున్నదేదో మొదట్లో మనం చూపించలేదని. అందుకే మధ్య గడిలో రెండు నంబర్లు రాయడం అలవాటు చేసుకోవాలి: పాఠకుడికి తెలిసిన చోటు, అనుమానం ఉన్న పై చోటు.

ఇంకోటి, పాత ప్రతిని చెరిపి దాని మీదే దిద్దకూడదు. తేదీ పెట్టి వేరే ప్రతి చేసుకోండి. నాలుగుసార్లు దిద్దాక మొదటి ప్రతిలోని ఒక వాక్యమే బాగుందని తెలుస్తుంది. అప్పటికి అది ఎక్కడా ఉండదు.

యాస మీద, మనుషుల మీద

గోదావరి కథలకు తప్పకుండా వచ్చే ఫిర్యాదు ఒకటుంది. 'వచ్చేడు, చెప్పేరు అని రాశారు, అచ్చుతప్పులు చూసుకోరా?' ఇది తప్పు కాదు. 'వచ్చాడు, చెప్పారు' ఎంత తెలుగో ఇదీ అంతే. ఈ ప్రాంతపు పలుకుబడి. విమర్శకుడి నిర్ణయం పొల్లే. కానీ పారేసేముందు ఒకసారి కథంతా వెదకండి. అదే కథకుడు మొదటి పేజీలో 'వచ్చేడు' అని, మూడో పేజీలో 'వచ్చాడు' అని ఉంటే పాఠకుడు దాన్ని తప్పనుకోవడంలో తప్పు లేదు. కథకుడి గొంతు ఏది, పాత్రల నోరు ఏది అని ముందే తేల్చుకుని, క్రియాపదాలన్నీ ఒక్కొక్కటే సరిచూడాలి. విసుగు పుట్టించే పనే. రెండువేల మాటల కథకు ఓ పూట పడుతుంది.

'ఆయ్', 'అండి' ఎక్కువయ్యాయన్న మాట వేరు. అది చాలావరకు నిజమే. సినిమాలు మరిగించి పోసిన గోదావరి యాస అది. నిజం మాటల్లో 'అండి' ఎవరు ఎవరికి అంటారన్నదే అసలు సంగతి. చేలో పనిచేసే పెద్దాయన పాతికేళ్ళ కామందు కొడుకుని 'అండి' అంటాడు, అవతల్నించి 'అండి' తిరిగి రాదు. ఆ తేడా కథలో ఉంటే యాసకు అర్థం ఉంది. అందరూ అందరినీ అంటుంటే అది తాళింపు.

దీని పక్కనే ఉంది రచయితలు అన్యాయంగా పొల్లులోకి ఊడ్చేసే విమర్శ. 'మీ కథలో దళితపేటవాళ్ళు మాత్రమే యాసలో మాట్లాడుతున్నారు, మిగతావాళ్ళంతా పుస్తకంలా మాట్లాడుతున్నారేం?' 'పనిమనిషికి పేరెందుకు లేదు?' ఇలాంటివి కోపంగానే వస్తాయి, కథకుడి కులం పేరెత్తి కూడా రావచ్చు. అందుకని 'మనోభావాల గొడవ' అని పక్కన పెట్టేస్తారు. మధ్య గడి చూడండి: ఖాళీగా లేదు, పాత్రల పేర్లూ వాక్యాలూ చూపిస్తోంది. జల్లెడ నియమం ప్రకారమే ఇది గింజ. ఎంత కోపంగా చెప్పినా గింజే. నా లెక్కలో డెల్టా కథకు ఇంతకన్నా పనికొచ్చే విమర్శ లేదు, ఎందుకంటే ఈ ఒక్క లోపాన్ని మన చుట్టూ ఉన్న మిత్రులెవరూ పట్టుకోలేరు. వాళ్ళూ మన వీధివాళ్ళే.

ఎంతమంది చెబితే నిజం

ఒకరు అంటే గుర్తుపెట్టుకోండి. ముగ్గురు విడివిడిగా ఒకే చోటు చూపిస్తే ఆ చోట ఏదో ఉన్నట్టే, ముగ్గురూ చెప్పిన కారణాలు వేరైనా సరే. 'విడివిడిగా' అన్నది ముఖ్యం. వాట్సాప్ గ్రూపులో మొదటాయన 'నాయకుడి పాత్ర తేలిపోయింది' అంటే, కింద ఆరుగురు 'అవునండి' అంటారు. అవి ఏడు అభిప్రాయాలు కావు, ఒకటి. నలుగురికి వేరువేరుగా పంపండి, ఒకరి మాట ఒకరికి చెప్పకండి. ఆ నలుగురిలో ఒకరైనా కథలు రాయనివాళ్ళుండాలి. రాసేవాళ్ళు మన కథను తాము రాస్తే ఎలా ఉండేదో చెబుతారు.

పంపేటప్పుడు 'ఎలా ఉందో చెప్పండి' అనకండి. ఎలా అడిగితే అలాంటి జవాబే వస్తుంది. ఎక్కడ పక్కన పెట్టాలనిపించింది? ఎవరు ఎవరో ఎక్కడ తికమకపడ్డారు? చివరికి ఏమైందనుకుంటున్నారు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబు ఒక్కోసారి కళ్ళు తిరిగేలా చేస్తుంది. మనం చంపిన పాత్ర బతికే ఉందని ఇద్దరు అనుకుంటుంటారు.

సభలో, అందరి ముందు

అవధానం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. అవధానిని పరీక్షించే పృచ్ఛకుల్లో నిషిద్ధాక్షరి అడిగేవారు అవధాని వెయ్యబోయే అక్షరాన్నే కాదంటారు. అది పద్యానికి తగిలే అడ్డు, పద్యంలోనే దాటాలి. అప్రస్తుత ప్రసంగం చేసేవారి పని ధ్యాస చెదరగొట్టడం. అవధాని ఆయనకో చమత్కారం విసిరి నవ్వించి, పద్యం పట్టు వదలకుండా సాగిపోతాడు. పుస్తకావిష్కరణలో ఎవరో లేచి కథ మీద అడిగితే నిషిద్ధాక్షరి అనుకుని కాగితం మీద రాసుకోండి. మీ ఉద్యోగం మీద, మీ మీసం మీద అంటే అప్రస్తుతం, నవ్వి ఊరుకోండి. వాళ్ళిద్దరినీ తారుమారు చేసుకున్న అవధాని పద్యం పూర్తి చెయ్యలేడు.

కొన్ని మాత్రం ఈ రెండింటిలోకీ రావు. కులం పేరుతో దూషణ, బెదిరింపు, ఆడవాళ్ళకి రాత్రిపూట వచ్చే బూతు మెసేజీలు విమర్శ లెక్కలోకి రావు, వాటికి మూడు గడుల కాగితం అక్కర్లేదు. జవాబివ్వకుండా, తుడిచెయ్యకుండా తేదీ, నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకుని, జాతీయ సైబర్ నేరాల పోర్టల్లోనో దగ్గరి స్టేషన్లోనో ఫిర్యాదు చెయ్యొచ్చు. దళిత, ఆదివాసీ రచయితలకు 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. నిద్ర, తిండి రెండు వారాలైనా దారికి రాకపోతే అది సాహిత్య సమస్య కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు.

మధ్య కుప్ప ఏమవుతుంది

మధ్య కుప్పను ఒక కవర్లో పెట్టి తేదీ వెయ్యండి. మూడు నెలల తర్వాత తెరిస్తే సగం పొల్లుగా ఎగిరిపోతుంది, కొంత గింజగా తేలుతుంది. కొన్నిటికి ఏళ్ళు పడుతుంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు జీవితంలో చాలాభాగం గ్రాంథికంలో రాసినవారు. వ్యావహారికం కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడారు. చివరికి 1919లో రాజమండ్రిలో 'వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం' పెట్టినప్పుడు దానికి అధ్యక్షుడిగా కూర్చున్నది వీరేశలింగంగారే. అప్పటికి ఆయనకి డెబ్బై ఏళ్ళు. ఆ ఏడాది మే నెలలోనే కన్నుమూశారు.

సత్యవతి కథ దగ్గరికే వద్దాం. దిద్దిన ప్రతి పంపితే మన క్యాలెండర్ విమర్శకుడు ఏమంటాడు? 'ఈనెలు బాగున్నాయి గానండి, ఇంకా ఈనె కనబడే వెలుతురుందంటున్నారు. మా రేవులో ఆఖరి పంటు బాగా చీకటి పడ్డాక గానీ రాదండి' అంటాడు. మధ్య గడిలో ఒకటో వాక్యం, రెండో వాక్యం. రేవుకెళ్ళి టికెట్టు కొట్టే మనిషిని అడిగి రావాలి.